నెర్రెల్లో నిలిచిన నీరు

మా వంటింట్లో స్టవ్ పక్కన గ్రానైట్ బండ మీద ఒక మరక ఉంది. నూనె క్యాను అడుగు అంటిన చోట, అరచేతి వెడల్పున, గృహప్రవేశమైన నెలలోనే పడింది. సబ్బు, నిమ్మచెక్క, సోడా ఉప్పు, పనమ్మాయి చెప్పిన బియ్యప్పిండి అన్నీ అయ్యాయి. పోలేదు. దాని మీద చెయ్యి పెడితే అద్దంలా జారుతుంది, ఎక్కడా గరుకు తగలదు. అంటే మరక ఉన్నది బండ మీద కాదు, బండ లోపల. ఒక ఆదివారం భూతద్దం పెట్టి చూశాను. దూరం నుంచి గుండ్రంగా కనపడే మరక అంచు దగ్గరకు వెళ్తే అసలు గుండ్రంగా లేదు. గాజుముక్కల్లాంటి క్వార్ట్జ్ గింజల చుట్టూ వంకర్లు తిరిగింది. నల్ల అభ్రకం రేకు దొరికిన చోట దాని వెంట ముందుకు పాకింది. గోధుమరంగు ఫెల్డ్‌స్పార్‌లో మాత్రం వెంట్రుక కన్నా సన్నటి గీతల్లో కొంత దూరం పోయి ఆగింది.

ఆ బండ కరీంనగర్ వైపు క్వారీల్లోంచి వచ్చిన 'టాన్ బ్రౌన్'. నిజంగా గ్రానైటే. ఆ మాట ఎందుకంటే, దుకాణంలో గ్రానైట్ పేరుతో అమ్మేవన్నీ గ్రానైట్లు కావు. చీమకుర్తి 'గెలాక్సీ' నల్లరాయి గాబ్రో కుటుంబానిది. కొనేవాడికి ఆ తేడాతో పనిలేదు గానీ, ఈ వ్యాసానికి ఉంది.

రాయి నీరు తాగదని మనకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. రోలు, తిరగలి, బావి గట్టు, గుడి మెట్టు అన్నీ ఆ నమ్మకం మీదే నిలబడ్డాయి. రాయి తాగుతుంది. కొద్దిగా, నిదానంగా, ఎంచుకుని తాగుతుంది. ఏ మూలకం లోపలికి పోతుంది, ఏది బయటికి వస్తుంది, ఎంత దూరం, ఎంత కాలంలో అన్న ప్రశ్న చుట్టూ నూరేళ్లుగా పని జరిగింది. అందులో సగం అణు వ్యర్థాలను పూడ్చిపెట్టే చోటు వెతుక్కునే దేశాల్లో జరిగితే, మనకు బాగా తెలిసిన సగం నల్లగొండ, ప్రకాశం జిల్లాల నీళ్ల కథలో ఉంది. ఈ రెండు సగాలనూ కలిపి చదివేవాళ్లు తక్కువ. కలిపి చదివితే నాకు తేలింది ఇది: నీరు పారేది పెద్ద చీలికల్లో. ఆ నీటిలో ఏం కలుస్తుందో, అందులోంచి ఏం పోతుందో తేల్చేది మాత్రం చీలిక పక్కన కంటికి ఆనని నెర్రెలు. వాటిలో నీరు దాదాపు కదలదు. అంత పని జరిగేది ఆ కదలని నీటిలోనే.

ముందు ఈ నెర్రెలు ఎలా పుట్టాయో చూద్దాం. గ్రానైట్ నేల లోతుల్లో ఏడు వందల డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల గట్టిపడుతుంది. ఆ తర్వాత చల్లబడేటప్పుడు అందులోని ఖనిజాలన్నీ ఒకేలా కుంచించుకుపోవు. క్వార్ట్జ్ ఫెల్డ్‌స్పార్ కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. పైగా 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక నిర్మాణమే మారుతుంది, ఘనపరిమాణం తగ్గుతుంది. పక్కపక్కన గట్టిగా అతుక్కున్న గింజల్లో ఒకటి ఎక్కువ ముడుచుకుంటే ఏమవుతుంది? సరిహద్దు విడిపోతుంది, లేదా గింజే పగులుతుంది. కోట్ల ఏళ్లలో పైనున్న కొండ కరిగి కొట్టుకుపోతే, లోపలి రాయి మీద బరువు తగ్గి ఇంకొన్ని విచ్చుకుంటాయి. ఇవి కాక ఒక తమాషా రకం ఉంది. జిర్కాన్, అల్లనైట్ లాంటి చిన్న ఖనిజాల్లో యురేనియం, థోరియం దాగి ఉంటాయి. వాటి రేడియోధార్మికత ఆ స్ఫటికాన్నే లోపల్నుంచి చితక్కొట్టి ఉబ్బిస్తుంది. చుట్టూ ఉన్న క్వార్ట్జ్‌లో పగుళ్లు కిరణాల్లా విచ్చుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే పిల్లలు గీసిన సూర్యుడి బొమ్మలా ఉంటుంది. సూర్యుడి ముఖం అల్లనైట్, కిరణాలు పగుళ్లు.

ఒక్కో నెర్రె పొడవు గింజంత, అంటే మిల్లీమీటరు అటూ ఇటూ. వెడల్పు మైక్రాన్, అంతకన్నా తక్కువ. తలవెంట్రుక మందం ఎన్నో పదుల మైక్రాన్లు కాబట్టి, ఇవి దానికి ఏ మూలకూ రావు. చెడిపోని గ్రానైట్‌లో ఈ ఖాళీలన్నీ కలిపినా ఒక శాతం లోపే. 0.3 శాతం అనుకుందాం. ఘనపు మీటరు రాయి బరువు రెండున్నర టన్నులు దాటుతుంది, అందులో పట్టే నీరు మూడు లీటర్లు. బిందెలో సగం కూడా కాదు. కానీ ఆ మూడు లీటర్లూ ఖనిజాన్ని తాకే ఉపరితలం మాత్రం అపారం. నెర్రె ఎంత సన్నదైతే, అందులోని ప్రతి నీటి చుక్కకు గోడ అంత దగ్గర.

ఈ సంగతి శాస్త్రవేత్తల కన్నా ముందు రాళ్లు కొట్టేవాళ్లకు తెలుసు. ఒకే బండ ఒక దిక్కున ఉలికి తేలిగ్గా లొంగుతుంది, అడ్డంగా కొడితే మొండికేస్తుంది. అమెరికా భూగర్భ సర్వే తరఫున న్యూ ఇంగ్లండ్ క్వారీలు తిరిగిన నెల్సన్ డేల్ 1923లో అచ్చయిన తన గ్రానైట్ గ్రంథంలో ఈ దిక్కుల గురించి రాశాడు. తేలిగ్గా చీలే దిక్కున సూక్ష్మ పగుళ్లు బారులు తీరి ఉంటాయి. మన వడ్డెరల చేతికి ఆ బారులు సుత్తి శబ్దంలోనే తెలుస్తాయి.

అదే 1923లో వాషింగ్టన్‌లోని కార్నెగీ జియోఫిజికల్ ప్రయోగశాలలో ఆడమ్స్, విలియమ్సన్ శిలల్ని నొక్కి చూశారు. మొదట కొంచెం ఒత్తిడికే రాయి అనుకున్నదానికన్నా ఎక్కువ కుంచించుకుంది, తర్వాత బిగుసుకుంది. తేలిగ్గా మూసుకునే సన్న ఖాళీలేవో లోపల ఉన్నాయన్న మాట. అంతకు చాలా ముందే, 1858లో, హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ స్ఫటికాల లోపల చిక్కిన ద్రవ బిందువుల్ని సూక్ష్మదర్శినితో చూపించాడు. 1949లో టటిల్ ఆ బిందువులు చెల్లాచెదురుగా కాక తలాలుగా పేర్చినట్టు ఉండటం గమనించి, అవి ఒకప్పటి పగుళ్లు మానిన మచ్చలని వివరించాడు. వేడి నీటిలో క్వార్ట్జ్ కరిగి మళ్లీ పేరుకుని పగులును కుట్టేస్తుంది, మధ్యలో మిగిలిపోయిన నీరు బిందువులుగా బందీ అవుతుంది. గ్రానైట్ గింజలో ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే ఈ మచ్చల్ని చూస్తే, ఆ రాయి ఎన్నిసార్లు పగిలి ఎన్నిసార్లు మానిందో లెక్క దొరుకుతుంది.

1968లో బ్రేస్, వాల్ష్, ఫ్రాంగోస్ చేసిన కొలత ఈ రంగానికి పునాది. రోడ్ ఐలండ్‌లోని వెస్టర్లీ గ్రానైట్ గుండా నీటిని ఒత్తిడితో పంపి పారగమ్యత కొలిచారు. 100 బార్ల ఒత్తిడి దగ్గర 350 నానోడార్సీలు ఉన్నది 4000 బార్ల దగ్గర 4కు పడిపోయింది. 4000 బార్లంటే దాదాపు పదిహేను కిలోమీటర్ల లోతున రాతి బరువు. అంత బరువు పడినా సున్నా కాలేదు. నెర్రెలు నలుగుతాయి గానీ పూర్తిగా మూసుకోవు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 12,262 మీటర్ల వరకు తవ్విన బోరులో ఎన్నో కిలోమీటర్ల లోతున నీరున్న పగుళ్లు దొరికినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. బ్రేస్ పట్టిక చదివినవాళ్లు అంతగా ఆశ్చర్యపోయి ఉండరు.

ఇక పెద్ద చీలికల దగ్గరికి వస్తాను. బోరు వేస్తుంటే చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మొదట ఎర్రమట్టి, తర్వాత మొరం, కేసింగ్ దిగాక బండ. బండ తగిలిన దగ్గర్నుంచి బూడిదరంగు దుమ్ము మేఘంలా లేస్తుంది, ఇల్లుగలాయన ముఖం ఆ దుమ్ముతో పాటు తెల్లబోతుంది. ఎప్పుడో ఒకసారి రాడ్డు చటుక్కున జానెడు జారుతుంది. 'గ్యాప్ తగిలింది సార్' అంటాడు బండి మీది కుర్రాడు. దుమ్ము తడిసి ముద్దగా వస్తుంది, తర్వాత నీళ్లు. అదృష్టం లేకపోతే గ్యాప్ తగిలినా నీళ్లుండవు.

అలాంటి ఒక బోరు దగ్గర బయటపడ్డ చెక్కుల్లోంచి ఒకటి ఏరి తెచ్చుకున్నాను. గోరంత ముక్క. ఒక ముఖం తుప్పు రంగు, అది చీలిక గోడ. ఎదుటి ముఖం పచ్చి బూడిదరంగు, సమ్మెట చీల్చిన కొత్త ముఖం. రెంటి మధ్యా గీత గీసినట్టు హద్దు లేదు. తుప్పు ఎరుపు లోపలికి పోతూ పోతూ పల్చబడి, రెండు మూడు మిల్లీమీటర్లు దాటాక నల్ల అభ్రకం రేకుల అంచుల్లో మాత్రమే మిగిలి, ఆ తర్వాత మాయమైంది. చీలికలో పారిన నీటిలోని ఆక్సిజన్ నెర్రెల వెంట రాతిలోకి నడిచిన దూరం అది. అక్కడి ఇనుము దాన్ని పట్టుకుని తుప్పుగా మారింది. నా వంటింటి మరకకూ దీనికీ తేడా కాలంలోనే ఉంది.

చీలికలో నీటి పారుదలకు ఒక కఠినమైన లెక్క ఉంది. వాలు అదే అయితే, పారే నీరు చీలిక వెడల్పు ఘనంతో పెరుగుతుంది. పదో వంతు మిల్లీమీటరు చీలిక కన్నా మిల్లీమీటరు చీలికలో వెయ్యి రెట్లు ఎక్కువ పారుతుంది. అందుకే బోరుకు వంద నెర్రెలు తగిలినా ఒరిగేదేమీ లేదు, ఒక్క గ్యాప్ చాలు. పైగా చీలిక నిండా సమంగా కూడా పారదు. స్వీడన్‌లో పాతబడ్డ స్ట్రిపా ఇనుప గనిలో, 1980 నుంచి 1992 వరకు సాగిన అంతర్జాతీయ ప్రాజెక్టులో, గ్రానైట్ సొరంగం కప్పుకు వందలాది ప్లాస్టిక్ పట్టాలు కట్టి ఏ పట్టాలోకి ఎంత నీరు కారుతుందో విడివిడిగా కొలిచారు. చాలా పట్టాలు పొడిగా ఉండిపోయాయి, కొన్నిట్లోకే దాదాపు నీరంతా వచ్చింది. రాతిలో నీరు పలకలా పరుచుకోదు, కాలువలు కట్టుకుని పోతుందని అక్కడ స్పష్టంగా కనపడింది. మన ఊళ్లో పక్కపక్క ఇళ్లలో ఒక బోరు పొంగి, ఇంకో బోరు ఎండటానికి వాస్తును నిందించే ముందు ఈ పట్టాల్ని తలుచుకోవచ్చు.

మన నేలకు వద్దాం. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దీని మీద నీటి పరంగా బాగా పని జరిగిన చోటు మహేశ్వరం. నగరానికి దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఫ్రెంచి నిపుణులతో కలిసి నడిచిన భూగర్భజల కేంద్రం అక్కడ ఏళ్ల తరబడి బోర్లలో పరీక్షలు చేసింది. వాళ్ల పనిలో నాకు ముఖ్యమనిపించినది చీలికల పుట్టుక మీది వాదం. మన దగ్గర నీళ్లిచ్చే అడ్డ చీలికలు ఎప్పటివో భూకంపాలు చీల్చినవి అని సాధారణంగా అనుకుంటాం. వాళ్ల వాదం ప్రకారం వాటిలో ఎక్కువ భాగం శైథిల్యం పుట్టించినవి. నెర్రెల్లోంచి దిగిన నీరు నల్ల అభ్రకాన్ని చెడగొడుతుంది. పొరల మధ్యనుంచి పొటాషియం జారిపోతుంది, నీరు ఆ జాగాలో చేరుతుంది, రేకు ఉబ్బుతుంది. లక్షల రేకులు ఉబ్బితే రాయి నేలకు సమాంతరంగా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. మొరం కింద పదిహేను ఇరవై మీటర్ల మందాన ఉండే ఈ పగుళ్ల పొరే మన బోర్లకు ఆధారం. ఒక మూలకం బయటికి నడవడం వల్ల రాయి పగిలి, ఆ పగులు వల్ల మిగతా మూలకాలకు దారి పడింది. పగులు ముందా, మూలకాల కదలిక ముందా అంటే తెగని పంచాయతీ.

ఇక్కడే ఫ్లోరైడ్ కథ మొదలవుతుంది. 1930లలో దర్శి ప్రాంతపు రైతులు ఎద్దులు కీళ్లు బిగుసుకుని కదల్లేకపోవడం గమనించారు. అప్పుడది నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1937లో షార్ట్ బృందం ఆ జిల్లా మనుషుల్లో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించింది. దేశంలో ఫ్లోరోసిస్‌కు అదే తొలి వైద్య సాక్ష్యం. నల్లగొండ పేరు తర్వాత మోగింది, ఎంతగా అంటే పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పెట్టిన పేరే 'నల్లగొండ పద్ధతి'. ఒక జిల్లాకు ఇలాంటి కీర్తి ఎవరూ కోరుకోరు.

'అక్కడి రాళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ, అందుకే నీళ్లలో ఎక్కువ' అని పత్రికల్లో ఏటా రాస్తుంటారు. సగం నిజం. నల్ల అభ్రకంలో, హార్న్‌బ్లెండ్‌లో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్ కూర్చుంటుంది. ఫ్లోరైట్, అపటైట్ గింజల్లోనూ ఉంటుంది. అయితే ఉండటం వేరు, నీటిలోకి రావడం వేరు. వానాకాలంలో పెద్ద చీలికలోంచి గబగబా పోయే నీటికి రాయిని పట్టించుకునే తీరిక లేదు. అభ్రకం పొరల మధ్య, గింజల సరిహద్దుల్లో నెలలు, ఏళ్లు నిలిచిన నీటికే ఉంది. మట్టిలో వేర్లు విడిచిన బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు ఖనిజాల్ని తొలుస్తుంటే ఫ్లోరైడ్ బయటపడుతుంది. దాన్ని అదుపులో పెట్టేది కాల్షియం. నీటిలో కాల్షియం చాలినంత ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి ఫ్లోరైట్‌గా గట్టిపడి కిందికి దిగిపోతుంది. మన ఎండలకు, ముఖ్యంగా బోరు నీళ్లు పెట్టిన వరిమళ్లలో, నీరు ఆవిరై కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా పేరుకుంటుంది. సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన ఆ మిగులు నీరు మళ్లీ కిందికి ఇంకినప్పుడు ఫ్లోరైడ్‌కు కళ్లెం ఉండదు. ఆ నీటినే మళ్లీ తోడతాం, మళ్లీ మడికి పెడతాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ప్రమాణాల సంస్థ రెండూ అంటున్నాయి. ఆ గీత దాటించడంలో రాయికి ఎంత పాత్రో పంపుసెట్టుకూ అంత పాత్ర ఉందని నా అభిప్రాయం. రాయి 250 కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది. నీటిని ఇన్నిసార్లు దాని గుండా తిప్పడం మాత్రం కొత్త.

యురేనియం సంగతి కొంచెం భిన్నం. గ్రానైట్‌లో సగటున పది లక్షల భాగాల్లో నాలుగు భాగాలే ఉంటుంది. అందులో ఒక వంతు జిర్కాన్ లాంటి వదలని ఖనిజాల్లో బందీ. మిగిలింది గింజల సరిహద్దుల్లో, నెర్రెల గోడల మీద తేలిగ్గా అంటి ఉంటుంది, కొంచెం ఆమ్లానికే కరుగుతుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో కార్బనేట్‌తో జతకట్టి ప్రయాణిస్తుంది. ఆక్సిజన్ లేని చోటికి చేరగానే కూలబడుతుంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఇది కళ్లకు కట్టినట్టుంది. అడుగున గ్రానైట్, పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్, రెండూ కలిసే హద్దు దగ్గర పగిలిన గ్రానైట్‌లో యురేనియం పోగుపడింది. అక్కడ తవ్వాలా వద్దా అన్న గొడవ ఈ వ్యాసం పరిధి కాదు.

ఇంకొకటి నాకు ఇష్టమైన వివరం. యురేనియం-238 ఆల్ఫా కణాన్ని విసిరినప్పుడు మిగిలిన కేంద్రకం తుపాకీలా వెనక్కి తంతుంది. కొన్ని పదుల నానోమీటర్లు, అంతే. కానీ అది నెర్రె గోడకు దగ్గరగా ఉంటే ఆ తన్నుకు నేరుగా నీటిలో పడుతుంది, లేదా అది పగలగొట్టిన దారిలో తర్వాత సులువుగా కరుగుతుంది. అందుకే భూగర్భ జలాల్లో యురేనియం-234, తన తల్లి 238తో పోలిస్తే, ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనపడుతుంది. రాతిలో ఆ మేరకు తరుగు కనపడుతుంది. 234 అర్ధాయువు దాదాపు 2.45 లక్షల ఏళ్లు కాబట్టి, రాతిలో ఈ తరుగు కనపడితే గత కొన్ని లక్షల ఏళ్లలో అక్కడికి నీరు వచ్చిపోయిందని చెప్పొచ్చు. నెర్రెకు ఇంతకన్నా మంచి గడియారం లేదు.

స్వీడన్ వాళ్ల ప్రశ్న దీనికి తలకిందులు. మనం రాతిలోంచి ఏం వస్తుందని అడుగుతుంటే, వాళ్లు రాతిలో ఏం ఆగుతుందని అడుగుతున్నారు. వాడేసిన అణు ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పెట్టి, చుట్టూ బెంటొనైట్ మట్టి దట్టించి, 500 మీటర్ల లోతున గ్రానైట్ జాతి శిలలో పూడ్చాలన్నది వాళ్ల పథకం. ఎప్పటికైనా డబ్బా చెడితే? చీలికలో నీటి వేగమే లెక్కలోకి తీసుకుంటే కథ భయంకరంగా ఉంటుంది. 1980లో స్టాక్‌హోమ్‌కు చెందిన ఇవార్స్ నెరెట్నీక్స్ ఒక వ్యాసంలో ఆ లెక్కను మార్చేశాడు. చీలికలో పారే నీటిలోని అణువు అందులోనే పోదు, పక్క నెర్రెల్లోని నిలువ నీటిలోకి వ్యాపనంతో జారుకుంటుంది, అక్కడ ఖనిజానికి అంటుకుంటుంది, చాలాకాలానికి తిరిగొస్తుంది. అందువల్ల నీటి కన్నా మూలకం ఎన్నో రెట్లు ఆలస్యంగా చేరుతుంది. ఇలాంటి ఆలోచనే 1975లో ఫోస్టర్ ఇంగ్లండ్ సుద్దరాయిలో ట్రీషియం ఎందుకు 'మాయమైందో' చెప్పడానికి వాడాడు. గ్రానైట్ లాంటి బిగువైన రాయికీ అది పనికొస్తుందని నెరెట్నీక్స్ చూపించాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. దేనికీ అంటుకోని అయాను చెడిపోని గ్రానైట్ నెర్రెల్లో ఏడాదికి సుమారు మూడు సెంటీమీటర్లు చొరబడుతుందనుకోండి. వ్యాపనంలో దూరం కాలం వర్గమూలంతో పెరుగుతుంది. నూరేళ్లకు ముప్పై సెంటీమీటర్లు, పదివేల ఏళ్లకు మూడు మీటర్లు. అయోడైడ్ ఇలాంటిదే, ఎక్కడా ఆగదు. అందుకే కోటిన్నర ఏళ్లకు పైబడిన అర్ధాయువున్న అయోడిన్-129 భద్రతా నివేదికల్లో ప్రతిసారీ తలనొప్పిగా తేలుతుంది. సీజియం తీరు వేరు. అభ్రకం రేకుల విచ్చిన అంచుల్లో దానికి సరిగ్గా సరిపోయే గూళ్లున్నాయి, దూరితే రాదు. టెక్నీషియం నీటితో హాయిగా తిరుగుతూ, అభ్రకంలోని ఇనుము ఎదురైన చోట రూపం మారి అక్కడే కూర్చుంటుంది. నల్లగొండలో ఫ్లోరైడ్‌ను విడిచే నల్ల అభ్రకమే స్వీడన్‌లోని ఓస్కర్షామ్న్‌లో సీజియాన్ని పట్టేస్తుంది.

ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. గొడవ ఇకమీదట. మొదటి గొడవ కొలత మీద. చీలికకు దూరంగా నెర్రెలు నిజంగా ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా? ప్రయోగశాలలో కొలిస్తే ఉన్నాయనే వస్తుంది. కానీ ప్రయోగశాలకు తెచ్చిన రాయి 500 మీటర్ల బరువు కింది నుంచి బయటపడ్డ రాయి. బరువు దిగగానే నెర్రెలు విచ్చుకుంటాయి, కోసిన రంపం కొత్తవి పుట్టిస్తుంది. కొలవడానికి తీసుకొస్తేనే మారిపోయేదాన్ని ఎలా కొలవాలి? స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కింద 1984లో తెరిచిన గ్రిమ్సెల్ సొరంగ ప్రయోగశాలలో దీనికి ముచ్చటైన ఉపాయం చేశారు. మెరిసే రంగు కలిపిన రెసిన్‌ను రాతిలోకే ఎక్కించి, అది గట్టిపడ్డాక చుట్టూ తొలిచి బయటికి తీశారు. అప్పుడు బయటికొచ్చాక పుట్టిన పగుళ్లు ఖాళీగా కనపడతాయి, లోపల ఉన్నప్పటివి రెసిన్‌తో మెరుస్తాయి. రెండూ ఉన్నాయి. అసలు నెర్రెల జాలం నిజమే, అయితే ప్రయోగశాల సచ్ఛిద్రత అసలుకన్నా ఎక్కువ చూపిస్తోంది. ఫిన్లాండ్ వాళ్లది ఇంకో దారి. కార్బన్-14 కలిపిన ద్రవ ప్లాస్టిక్‌ను రాతిముక్కలోకి ఇంకించి, గట్టిపరిచి, కోసిన ముఖాన్ని ఫిల్ము మీద పెడతారు. రాయి తన ఫొటో తానే తీసుకుంటుంది. ఆ ఫిల్ములో క్వార్ట్జ్ గింజలు తెల్లని దీవుల్లా ఉంటాయి, వాటి చుట్టూ సన్నని నల్లని తీరరేఖలు, చెడిన అభ్రకాలు, ఫెల్డ్‌స్పార్లు మసిబారినట్టుంటాయి. మొదటిసారి అలాంటి ఫొటో చూసినప్పుడు నాకు నా వంటింటి బండే గుర్తొచ్చింది.

రెండో గొడవ ఇంకా లోతైనది. చీలికలోకి గుర్తు పదార్థాన్ని వదిలి ఇంకో బోరులో అందుకుంటే, ఎక్కువ భాగం ముందొచ్చినా కొంత చాలాకాలం జిడ్డులా వస్తూనే ఉంటుంది. ఈ తోకను వ్యాపనానికి సాక్ష్యంగా చూపేవారు. న్యూ హాంప్‌షైర్‌లోని మిర్రర్ లేక్ దగ్గర బెకర్, షపిరో ఆ నమ్మకాన్ని పరీక్షించారు. వ్యాపన వేగాల్లో తేడా ఉన్న పదార్థాల్ని కలిపి వదిలారు. తోకకు వ్యాపనమే కారణమైతే తోకలు తేడాగా రావాలి. ఒకేలా వచ్చాయి. అంటే ఆ తోక పుట్టింది చీలికలోని కాలువల ఎగుడుదిగుడుల వల్ల. వ్యాపన వాదులు దీన్ని ఓటమిగా ఒప్పుకోలేదు. గంటలు, రోజుల ప్రయోగంలో వ్యాపనం కనపడకపోవచ్చు, వేల ఏళ్లకు అదే రాజు అన్నారు. స్వీడన్‌లో ఎస్పొ సొరంగంలో జరిగిన ప్రయోగాల్లో అంటుకునే మూలకాలు ప్రయోగశాల అంకెలు చెప్పినదానికన్నా ఎక్కువ ఆలస్యమయ్యాయి. చీలిక అంచున చెడిన, ఎర్రబారిన రాయి లోపలి రాయి కన్నా ఎక్కువ తాగడం దానికి ఒక కారణం. నా తీర్పు అడిగితే, ఇద్దరూ వేర్వేరు గడియారాలు పట్టుకుని వాదించుకుంటున్నారు. రోజుల గడియారానికి కాలువలు, యుగాల గడియారానికి నెర్రెలు. సాక్ష్యం కోసం ప్రకృతి చేసి పెట్టిన ప్రయోగాల్నే నమ్మాలి. హిమయుగం తర్వాత బాల్టిక్ సముద్రం ఉప్పు నీరు ఆ తీరపు చీలికల్లోకి దిగింది. ఇవాళ అక్కడ చీలికలోని నీటికీ పక్క రాతి నెర్రెల్లోని నీటికీ రసాయనం ఒకటి కాదు. నెర్రెలు ఇంకా పాత యుగపు నీటినే పట్టుకుని ఉన్నాయి.

ఈ అంకెల్ని తెచ్చి మన నేలకు అతికించడంలో ఒక చిక్కుంది. స్కాండినేవియాలో మంచు పలకలు పైనున్న మొరాన్నంతా గీకేశాయి, కాలు పెడితే పచ్చి బండే. మన దగ్గర మంచు రాలేదు. కోట్ల ఏళ్ల ఎండావానల శైథిల్యం పదుల మీటర్ల మందాన అలాగే ఉంది. వాళ్ల రాతిలో నెర్రె దాదాపు అదే స్థితిలో నిలిచి ఉంటే, మన రాతిలో నెర్రె ఇంకా పెరుగుతోంది. వాళ్ల సమస్యకు నీటి కదలిక వేల ఏళ్లది, మనకు ఒక్క వేసవిదే.

ఆ వేసవి సంగతి చౌటుప్పల్‌లో బాగా కనపడింది. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో, భూభౌతిక సంస్థ నడిపే ప్రయోగ క్షేత్రం అది. నీటి మట్టం పైన ఉన్నంతకాలం శిథిలమైన పొరలో, దాని కింది పగుళ్ల పొరలో నీరు ఊరూరా కలిసి ఒకే వ్యవస్థలా కదులుతుంది. తోడగా తోడగా మట్టం పగుళ్ల పొర అడుగుకు దిగినప్పుడు ఆ సంబంధం తెగుతుంది. ఏ బోరు చీలిక ఆ బోరుదే, ఒక్కొక్కటి విడి తొట్టి. వాన నీరు వచ్చి పాత నీటిని పల్చబరిచే దారి మూసుకుంటుంది, తొట్టిలోని నీరు గోడలతో ఎక్కువకాలం మాట్లాడుకుంటుంది. ఇలాంటి ఏడాదే రైతు ఇంకో మూడు వందల అడుగులు దించుతాడు. బండి మీది కుర్రాడు రాడ్డు మీద రాడ్డు బిగిస్తూ పోతాడు, బూడిదరంగు దుమ్ము లేస్తూనే ఉంటుంది. అంత లోతున చీలికలు తక్కువ, ఉన్నవీ ఇరుకు. దొరికితే దొరికేది చాలాకాలంగా కదలని నీరు. మొదటి బకెట్టు తేటగా, చల్లగా వస్తుంది. ఇంట్లోవాళ్లంతా దోసిళ్లతో తాగుతారు.